స్వామి సన్నిధిలో మాటు కడ్డీ

అంతటా నిండి ఉన్న స్వామికి మొదట సాష్టాంగ నమస్కారం. మడుగులో కాలు చిక్కుకున్న ఏనుగు పిలిస్తే, చెట్టుకు తీగ కట్టకుండా, పెట్టెలో బ్యాటరీ లేకుండా, సర్కారు లైసెన్సు అడగకుండా వైకుంఠంలో కూర్చుని విన్న చెవి ఆయనది. ఆ చెవికి జయం. గట్టిగా పాడినవాడినీ, లోలోపల గొణిగినవాడినీ, శ్రుతి తప్పినవాడినీ ఒకే తీరుగా వినే ఆ ఓర్పుకు ఇంకా పెద్ద జయం. మా భజన గోష్ఠిని అన్నేళ్ళు విన్నాడంటే ఆయన దేవుడేనని నాకు వేరే రుజువు అక్కర్లేదు.

మాది నిడుగల్లు కొండ కింద పల్లె. మహారాజుల కాలం. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా ఊళ్ళో వాన తక్కువ, శెనక్కాయ ఎక్కువ, గొర్రెలు ఇంకా ఎక్కువ, భక్తి అన్నిటికంటే ఎక్కువ. పురాణం చదవడం, తాళం పట్టడం, పెద్దల ముందు నోరు మూసుకోవడం, ఈ మూడూ నాకు నేర్పింది మా పెదనాయన, అంటే మా నాయనకు అన్న. మూడోది మాత్రం నాకు వంటబట్టలేదు.

గోష్ఠిని నిలబెట్టింది పెదనాయనే. మందిరం మట్టిగోడ లేవక ముందే, శెనక్కాయ కళ్ళంలో నలుగురిని కూర్చోబెట్టి పాట నేర్పినవాడు. అలాంటివాడికి డెబ్బై దాటాక వినికిడి మెల్లగా పోయింది. గోష్ఠి చరణంలో ఉంటే ఆయన పల్లవిలో ఉండేవాడు. మా గోష్ఠి పెద్దలు దయగలవారు కనుక పొమ్మనలేదు. గాలి బాగా తగులుతుందని చెప్పి, చెప్పులు విడిచే చోట ఆయనకు చాప వేశారు. ఆయన చాప పక్కకు తంబురా తెచ్చుకుని, దాని బుర్రకు దవడ ఎముక ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఎముక గుండా శ్రుతి తెలిసేది. తంబురాను ముద్దాడుతున్నట్టు ఉంది, ఇది గోష్ఠి మర్యాదకు తగదు అని కొందరికి తోచింది. తంబురా అటకెక్కింది.

ఆ దయలో ముందుండేవాడు గోష్ఠి అధ్యక్షుడు. ఆయన శెనక్కాయల మండీ నడిపేవాడు. మండీలో తూకం ఎలా ఉండేదో గాని, మందిరంలో ధర్మం గురించి మాట్లాడితే మాత్రం తూకం బరువుగానే ఉండేది. వరసకు నాకు మామ.

అప్పుడు మా అక్క మొగుడు, బెంగళూరు మిల్లులో పనిచేసే బావ, ఊరికి వచ్చినాడు. దీపాల్లా వెలిగే రెండు గాజు బుడ్లతో నడిచే రేడియో విడిభాగాలు ఒక పెట్టెలో పెట్టుకుని వచ్చి గోష్ఠికి సమర్పించాడు. మద్రాసు నుండి తెలుగు పాటలు గాలిలో వస్తున్నాయనీ, ఈ ముక్కలన్నీ ఒకచోట అతికిస్తే మందిరంలోనే వినవచ్చుననీ చెప్పాడు. పెద్ద గొంతుతో అరిచే యంత్రం కాదది. రెండు చిప్పలు చెవులకు తగిలించుకుని వినాలి. తీగలను చేత్తోనే మెలిపెట్టి, చిప్పలు తగిలించుకుని కాసేపు కదలకుండా కూర్చున్నాడు. మద్రాసులో ఎవరో దగ్గినారని ప్రకటించాడు. ఆ దగ్గును గోష్ఠి భక్తితో స్వీకరించింది. అంతలో తీగ ఊడింది.

తగరం, సీసం కలిసిన మెత్తని కడ్డీని కరిగించి లోహానికి లోహం అతికించడాన్ని మావైపు మాటు వేయడం అంటారు. కారే బిందెకు వేసేదీ మాటే, రేడియో తీగకు వేసేదీ మాటే. అది కరగడానికి రాగి మొన ఉన్న మరో కడ్డీ వేడిగా ఉండాలి. బావ దాన్ని కూడా తెచ్చాడు. నల్లటి చెక్క పిడి, సన్నటి రాగి మొన, వెనక గుడ్డ చుట్టిన పొడవాటి తీగ.

"గోడలో పెట్టి మీట నొక్కితే చాలు, తానే కాగుతాది," అన్నాడు.

"ఏ గోడలోప్పా?" అన్నాడు మండీ మామ.

బావ మందిరం గోడ వైపు చూశాడు. గోడలో ఒక గూడు, గూట్లో ఆముదం దీపం ఉన్నాయి. బెంగళూరులో నాలుగేళ్ళు ఉంటే అత్తగారి ఊరి గోడలు కూడా గుర్తుండవని అప్పుడు తెలిసింది. ఆయన ఆ తప్పు గోడదే అన్నట్టు ఇంకాసేపు చూసి, మర్నాడు బస్సెక్కి పోయాడు. పోయే ముందు నాకు మూడు మాటలు చెప్పాడు. మొన సన్నగా ఉండాలి. బిందెల మాటుకు పూసే పుల్లటి మందులు తగలకూడదు, తీగను తినేస్తాయి. బ్యాటరీ వాడినా చస్తుంది, వాడకపోయినా చస్తుంది, కాబట్టి తొందరపడాలి. తర్వాత గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పాడు.

"ఆ చిప్పను మీ పెదనాయన చెవి వెనక ఎముకకు అదిమి చూడప్పా. మా మిల్లులో ఒక ముసలాయనకు అట్లే వినబడింది."

నేను పరుగున పోయి పెదనాయన చెవిలో అరిచాను, పాట వినబడుతుందట నీకు అని.

"ఎవురు పాడతారు?"

"మద్రాసోళ్ళు."

"వాళ్ళన్నా తాళం సరిగ్గా ఏస్తారా?"

చెవి పోయినా ఆయన కళ్ళు పోలేదు. గోష్ఠి చేతులు ఎలా పడుతున్నాయో చెప్పుల దగ్గర నుండి రోజూ చూస్తూనే ఉన్నాడు.

ఇక ఏ కడ్డీతో మాటు వేయాలన్న విచారణ మొదలైంది. రేడియో స్వామి సొత్తు కనుక, పని తెలిసినవాడు తేల్చడానికి వీలులేదు. గోష్ఠి తేల్చాలి. సంతలో డబ్బాలకు మాట్లు వేసే ఆయన కడ్డీ తెద్దామన్నాను. అది సారాయి అంగడి గరాటుకు మాటు వేసిన కడ్డీ అని ఒకరు గుర్తుచేశారు. దాని మొన మీద గొర్రె కొవ్వు రాస్తారని ఇంకొకరు చెప్పారు. నామం వచ్చే తీగకు కొవ్వు తగలవచ్చునా? మృదంగానికి కట్టింది తోలే కదా, శంఖం ఒక పురుగు ఇల్లే కదా అన్నాను. అవి శాస్త్రం ఒప్పుకున్నవి, రోజూ వాడేవి అన్నాడు మామ. రోజూ వాడేవాటిని శాస్త్రం చప్పున ఒప్పుకుంటుందని ఆ రోజు నేర్చుకున్నాను.

చివరికి గోష్ఠి బావ తెచ్చిన కడ్డీనే ఎంచుకుంది. దానికంటే శుద్ధమైనది లేదు. దాన్ని ఏదీ ముట్టలేదు, కరెంటుతో సహా. పసుపు దారం కట్టి, కుంకుమ పెట్టి, స్వామి పటం ముందు పీఠం మీద ఉంచారు. తీగను చుట్టలు చుట్టి కింద శేషుడిలా అమర్చారు. మాటు కడ్డీకి ప్రతి సాయంత్రం హారతి ఇచ్చిన ఊరు ఈ రాజ్యంలో మాదొక్కటే అయి ఉంటుంది.

బ్యాటరీ మాత్రం పెట్టెలో తన పని తాను చేసుకుపోతోంది. నేను పోరగా పోరగా, ఆచారి ముందుకు వచ్చాడు. ఆయన పగలు కంసాలి, సాయంత్రం గోష్ఠికి ఫిడేలు. స్వామి కిరీటానికి మాటు వేసిన చెయ్యి కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆయనది కడ్డీ కాదు, మంటను ఊదే గొట్టం. బుగ్గలు నింపి ఒక్క ఊపు ఊదాడు. రేడియోలోని తీగచుట్ట మీది నూలు భగ్గుమని, సగం చుట్ట నల్లగా అయింది. బంగారమైతే తట్టుకునేది, ఇది పరదేశపు తీగ అన్నాడు. మిగిలిన సగాన్ని విప్పి, పాత నూలు చుట్టి మళ్ళీ చుట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తర్వాత మామకే దయ కలిగింది. సంత కడ్డీని తెచ్చి శుద్ధి చేస్తే దోషం లేదన్నాడు. తెచ్చాను. రోకలిబండ అంత ఉంది. దాని మొనతో రేడియో తీగను ముట్టడమంటే గడ్డపారతో ముక్కుపుడక తీయడం. పోనీలే అనుకుని నిప్పుల్లో పెట్టి బాగా కాల్చాను. అది కాగిన సమయం చూసి మామ మంత్రం చదివి పంచగవ్యం చల్లాడు. సుయ్ మన్నది. పాలు, పెరుగు, నెయ్యి, మిగిలిన రెండూ ఆ మొన మీదే మాడి గట్టి పెంకు కట్టాయి. ఆపైన ఎంత రుద్దినా కడ్డీ సీసాన్ని అంటనివ్వలేదు. సీసం ముత్యాల్లా జారి కింద పడింది. శుద్ధి అయిన కడ్డీకి ప్రపంచం మీద వైరాగ్యం కలిగింది. సంత ఆయన తన కడ్డీ చూసుకుని నన్ను ఏమన్నాడో దేవుడి పేరుతో మొదలుపెట్టిన ఈ రాతలో రాయను.

ఆ శుక్రవారం భజనకు ముందు మామ తీర్పు చెప్పాడు. మా తాలూకా ఊరు పావగడకు కరెంటు వస్తుందని అక్కడి అమల్దారు కచేరీలో ఎవరో అన్నారట. పావగడకు వస్తే మనకు రాకపోతుందా? అంతవరకు ఆగుదాం, స్వామి కార్యానికి తొందరేమిటి? అందరూ తలలు ఊపారు.

పెదనాయన చాప మీద నుండి ఊగుతున్న తలలను చూశాడు.

"ఏమంటాండారప్పా?" అని నన్ను అడిగాడు.

చెవి దగ్గరికి పోయి చెప్పాను. "కరెంటు వచ్చేదాకా ఆగాలంట పెదనాయనా."

"ఎవురు? నేనా?"

చెవిటివాళ్ళు మెల్లగా మాట్లాడలేరు. మందిరమంతా వినబడింది. ఆయన లేచి, చాప చుట్టి చంకన పెట్టుకుని, గోష్ఠి మధ్యలో నుండి నడుచుకుంటూ పటం దగ్గరికి పోయాడు. ఇక రానని స్వామికి చెప్పడానికే పోతున్నాడని నాకు తెలిసిపోయింది. దండం పెట్టాడు. తర్వాత, రోజూ హారతి అందుకుంటున్న వస్తువు కదా అని, కడ్డీని రెండు చేతులా ఎత్తి కళ్ళకు అద్దుకున్నాడు. మర వదులై ఉందేమో, రాగి మొన కడ్డీ నుండి జారి నేల మీద టింగుమని పడింది.

"అపచారం," అన్నాడు మామ.

నేను దాన్ని తీసుకుని చూశాను. చిటికెన వేలంత రాగి ముక్క. చివర సన్నగా చెక్కి ఉంది. ఇన్నాళ్ళూ మేము హారతి ఇచ్చిన మహిమ అంతా ఇదే. మిగతాది దీన్ని వేడి చేసే ఏర్పాటు మాత్రమే. వేడికి మా ఊళ్ళో కరువు లేదు.

"మామా, ఇది స్వామి కాడ ఉండిన రాగి. దీనికంటే శుద్ధమైంది మన ఊర్లో యాడుండాది? సారాయి అంగడిని చూడలేదు, కొవ్వును చూడలేదు," అన్నాను.

మామ ఆలోచించాడు. కాదనడానికి శాస్త్రం వెతుకుతున్నాడు, దొరకడం లేదు.

"నిప్పు యాడిది?" అన్నాడు చివరికి.

"నైవేద్యం వండిన పొయ్యిది."

ఆ మాటతో శాస్త్రం కూర్చుండిపోయింది. నేను పెదనాయన చంకలోని చాప లాక్కుని అక్కడే, పటం ముందే పరిచి, ఆయనను కూర్చోబెట్టాను.

విరిగిన గొడుగు ఇనుప గొట్టం చివర ఆ రాగి మొనను దిగగొట్టి, పట్టుకునే చోట తడిగుడ్డ చుట్టాను. బొగ్గుల్లో ఎక్కువసేపు ఉంచితే మొన నల్లబడి సీసం అంటదు. తక్కువసేపు ఉంచితే సీసం విరిగిన పెరుగులా ముద్ద కడుతుంది. చిన్న మొన కనుక పొయ్యి నుండి పెట్టె దాకా వచ్చేలోగా సగం చల్లారేది. అందుకని పొయ్యినే పెట్టె పక్కకు తెచ్చుకున్నాను. ఒక్కో కాపుకు ఒక్కో అతుకు పడింది. సీసం తీగను పట్టుకోవడానికి గుగ్గిలం కావాలి. అది ఊరంతటిలో ఆచారి దగ్గరే, ఫిడేలు కమానుకు రుద్దే బిళ్ళగా ఉంది. తన పన్ను పీకి ఇస్తున్నవాడిలా గోటితో చిన్న పెచ్చు తీసి ఇచ్చాడు. అది వేడికి తగిలి పొగ లేచింది. సాంబ్రాణి వాసన వస్తోందని గోష్ఠి సంతోషించి, పనిలో దైవాంశ ఉందని ఒప్పుకుంది.

మర్నాడు సాయంత్రం గాలిలోని పాటను పట్టడానికి చింతచెట్టు నుండి మందిరం కప్పుకు తీగ లాగి కట్టాం. చిప్పలు మొదట అధ్యక్షుడికే. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. గుయ్ మనే చప్పుడు తప్ప ఏమీ రాలేదని ఆయన మొహమే చెప్తోంది. అయినా, మద్రాసు కదా, సముద్ర ఘోష వినబడుతోందని ప్రకటించాడు. తర్వాత ఆచారి విని, అవును సముద్రమే అన్నాడు. మూడో మనిషికి అలలు లెక్కకు కూడా అందాయి. బ్యాటరీ ఈ సముద్రాలకే అయిపోతుందని నాకు భయం పట్టుకుంది. చిప్పలు లాక్కుని, ఒకదాన్ని పెదనాయన చెవి వెనక ఎముకకు అదిమి పట్టి, రెండో చేత్తో రేడియో బిరడా మెల్లగా తిప్పాను.

ఆయన కదలలేదు. చాలాసేపు కదలలేదు. నేను స్వామిని అడగదలచుకున్నవన్నీ ఆ కాసేపట్లోనే అడిగేశాను.

అప్పుడు ఆయన కుడిచెయ్యి తొడ మీద పడింది. లేచింది. మళ్ళీ పడింది.

"ఆడమనిషి పాడతాండాది," అన్నాడు పెద్దగా. "తాళం బాగుండాది."

ఏం పాటో మాకు తెలియదు. రెండో చిప్ప నా చెవికి ఆనించుకుంటే నాకు ఈగ ముసిరినంత చప్పుడే వినబడింది. ఆయన మాత్రం గొంతు కలిపాడు. మాటలు రాకపోతే నామం వేసుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా మా గోష్ఠిలో వినబడని శ్రుతి అది. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరు తాళాలు తీశారు. పాట వినబడేది ఆయన ఒక్కడికే కనుక, అందరూ ఆయన చెయ్యి చూసి వేయవలసి వచ్చింది. మామ కూడా వేశాడు. సముద్రం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బ్యాటరీ పది రోజులు కూడా నిలవలేదు. పీఠం మీద మొన లేని కడ్డీకి చాలా కాలం హారతి జరిగింది. చాప మాత్రం చెప్పుల దగ్గరికి తిరిగి పోలేదు. దాన్ని అక్కడికి పొమ్మనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. తంబురా అటక దిగింది. పెదనాయన పోయేదాకా దాని బుర్రకు దవడ ఆనించే పాడాడు.

ఇంతదాకా చదివిన మీరు ఒక్క క్షణం చేతులు జోడించి నాతోపాటు అనండి. స్వామీ, మా పనికి సరిపోయే చిన్న మొననూ, దానికి తగినంత వేడినీ ఇవ్వు. శుద్ధి చేసి చెడగొట్టే బుద్ధిని మా నుండి తొలగించు. చెప్పుల దగ్గర కూర్చున్నవారిలో ఎవరికి నీ పాట వినబడుతోందో మాకు చూపించు. వారి చెయ్యి చూసి తాళం వేసే వినయాన్ని, ఆలస్యం కాకముందే, మాకు ప్రసాదించు.