క్యారియర్ మీద అతుకు

పటాలంలో ఉన్న మా బావ రాసిన కార్డులో మూడే మూడు వాక్యాలున్నాయి. మా క్యారియర్ పాతబడింది. దానికి కొత్త సామాను అతకాలి. కడ్డీలు తీసుకొని వెంటనే రా.

నేను ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టినవాణ్ణి. అప్పటికి నాయుడుపేటలో ఒక లారీ షెడ్డులో వెల్డింగు పని చేస్తున్నాను. నాకు తెలిసిన క్యారియర్ ఒక్కటే, మధ్యాహ్నం అన్నం వచ్చేది. చైనావాళ్ళతో యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం అది. "పటాలంలో అన్నం గిన్నెల్ని కూడా చైనావాళ్ళు వదల్లేదంట" అని షెడ్డంతా నవ్వించి, కళాయి వెయ్యడానికి ఎందుకైనా మంచిదని నవాసారం పొట్లం ఒకటి కట్టుకొని బస్సెక్కాను.

విడవలూరు దాటి సముద్రం దిక్కుకు పోతే సరుగుడు తోపులుంటాయి. ఆ తోపుల్లో పటాలం వాళ్ళు డేరాలు వేశారు. ఇసక మీద తుపాకులు కాల్చి చూసుకోవడానికి చోటు కావాలని వచ్చారట. మా బావ చేపలు పట్టే ఇంట పుట్టి, వలను అన్నదమ్ములకు వదిలేసి సిపాయిగా చేరినవాడు. సొంత ఊరికి రెండు మైళ్ళలో క్యాంపు పడడం అతని అదృష్టం. అక్క ఆ ఊళ్ళోనే ఉంది.

బావ నన్ను ఒక పెద్ద డేరాలోకి తీసుకెళ్ళి గోనెపట్టా లాగి చూపించాడు. నేను చేతిలో నవాసారం పొట్లంతో నిలబడిపోయాను. నాలుగు పక్కలా మందపాటి ఇనప రేకు, పైన కప్పు లేదు, రెండు వైపులా చక్రాల చుట్టూ ఇనప గొలుసు పట్టీలు. సిపాయిల్ని గుండు దెబ్బ తగలకుండా మోసుకెళ్ళే బండి. పటాలంలో దీన్నే క్యారియర్ అంటారట. ఇంగ్లీషువాళ్ళు పోతూ పోతూ వదిలేసింది. రంగు పెచ్చులూడిన చోట వాళ్ళ అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఏంది బావా, ఇందులో ఎంతమందికి అన్నం పడతాది?" అన్నాను.

"నోరు మూసుకోరా. ఆ పొట్లం ఏంది?"

"కళాయికి."

బావ నవ్వాపుకోలేక గొలుసు మీద కూర్చున్నాడు. మా ఇద్దరికీ అదే అలవాటు. నేను అతన్ని ఏడిపించాలి, అతను నన్ను తిట్టాలి. పెళ్ళయిన కొత్తలో సెలవు మీద వచ్చినప్పుడు, పటాలం నుంచి తంతి వచ్చింది, రమ్మంటున్నారని చెప్పాను. పాపం ట్రంకు నెత్తిన పెట్టుకొని బస్సుదాకా నడిచాడు. బస్సు దగ్గరే నిజం చెప్పాను. ఆ ట్రంకు సంగతి అతను నాలుగేళ్ళుగా మరిచిపోలేదు.

బండి పక్కన చెక్కపెట్టెలో గ్రీజు పూసిన కొత్త మిషన్ తుపాకి ఉంది. బండిలో ఇదివరకు ఉన్న చిన్న తుపాకి ఇప్పటి యుద్ధానికి పనికిరాదట. ఈ పెద్దదాన్ని నిలబెట్టడానికి ముందు రేకు మీద ఒక ఇనప పీటను అతకాలి. కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నే తన్నును ఆ పీటే కాయాలి. మరునాడు సాయంత్రం నాలుగు గంటలకు పెద్ద ఆఫీసరు వస్తాడు, ఆయన ముందర కాల్చి చూపించాలి. కాల్చేది మా బావ. అది సరిగ్గా జరిగితే అతనికి చేతి మీద పట్టీ వస్తుంది, సిపాయి కాస్తా లాన్స్ నాయక్ అవుతాడు. ఆ పట్టీ కోసం అక్క అప్పటికే ఊళ్ళో నలుగురికీ చెప్పేసుకుంది.

క్యాంపు కెప్టెన్ ఉత్తరాది మనిషి. మాట తక్కువ. ఆయన హిందీ బావకు అర్థమవుతుంది, నా తెలుగు ఆయనకు కాదు. మా మధ్యన బావే వంతెన.

మరునాడు పొద్దున్నే కెప్టెన్ నా కడ్డీల్ని చేత్తో తిప్పి చూసి ఏదో అన్నాడు.

"ఈ రేకు మామూలు ఇనుము గాదంట. గట్టి ఉక్కు. దీనికి వేరే కడ్డీలు మద్రాసు నుంచి రావాలంట, ఇంకా రాలేదంట. నీయి పనికొస్తాయా అంటున్నాడు" అన్నాడు బావ.

లారీ ఛాసీల్ని అతికిన చేతులు నావి. మద్రాసులో రెండేళ్ళు నేర్చుకొచ్చిన పని. పైగా నాలుగు గంటలకు పెద్దాయన వస్తున్నాడు. "ఇనుముకీ ఇనుముకీ జాతకాలు కలపాల్నా అని అడుగు బావా" అన్నాను.

బావ అది ఎలా చెప్పాడో నాకు తెలియదు. కెప్టెన్ చిన్నగా నవ్వి, సరే కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నా బతుకులో ఎన్నో జోకులు వేశాను. వెనక్కి తీసుకోవాలనిపించినది మాత్రం అదే.

క్యాంపులో ఉన్న వెల్డింగు మిషనుతోనే పదకొండున్నరకి అతుకు పూర్తయింది. చూడ్డానికి పూసలు గుచ్చినట్టు ఉంది. త్వరగా చల్లారాలని షెడ్డులో చేసినట్టే తడిగోనె తెచ్చి కప్పాను. బుస్సుమంది. ఆవిరి తగ్గాక సిపాయిలు తుపాకిని ఎత్తి పీట మీద బిగించారు.

అప్పటికి అక్క అన్నం తీసుకొని వచ్చింది. నాలుగు గిన్నెల క్యారియర్. "అసలు క్యారియర్ ఇదే బావా, మీది ఉత్త తొట్టి" అన్నాను. డేరాలోనే కూర్చున్నాం. అక్క వడ్డిస్తూ తుపాకి వంక భయంగా చూసింది.

"ఇది నిలుస్తాదా?" అంది.

"నీ తమ్ముడు అతికినాడు మే. నేను పోయినా ఇది పోదు" అన్నాడు బావ.

టిక్.

చిన్న చప్పుడు. ఎవరైనా ఒక మాట అంటున్నప్పుడు బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మా వైపు నమ్మకం. వెంటనే వేలి కొసతో మూడుసార్లు తట్టాలి. అక్క తట్టింది. "సత్తెం, సత్తెం" అంది. ఆ తరువాత తానే ఉలిక్కిపడి, "ఆ మొదటి మాట గాదు, రెండో మాటకి" అంది. బావ బండి గొలుసు మీద తట్టాడు. నేను అన్నం తినే చేత్తోనే క్యారియర్ మూత మీద తట్టి, "బల్లి గూడా సర్టిఫికేట్ ఇచ్చింది. ఇంక పెద్ద ఆఫీసరు రాకపోయినా ఫర్వాలేదు" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఇంకో రెండు ముద్దలు తిన్నాను. మజ్జిగ పోసుకుంటూ, ఎక్కడుందా బల్లి అని పైకి చూశాను.

పైన గుడ్డ. పక్కన గుడ్డ. కింద ఇసక. వారం కింద వేసిన డేరా. గోడ లేదు, దూలం లేదు, చూరు లేదు. మిట్టమధ్యాహ్నం ఎండకు పెనంలా కాలుతున్న ఆ గుడ్డ మీద బల్లి ఎక్కడ పట్టుకొని వేలాడుతుంది?

ఆ చప్పుడు నాకు తెలుసు. ఒకసారి షెడ్డులో పగిలిన స్ప్రింగు పట్టీని అతికినప్పుడు విన్నాను. గట్టి ఇనుము చల్లారేటప్పుడు లోపల్లోపల చీలితే అట్లాగే అంటుంది, ఒకే ఒక్కసారి. మా మేస్త్రి అప్పుడు ఆ పట్టీని తీసి పక్కన పారేశాడు. నేనది విని కూడా బల్లికి అప్పగించి తట్టాను.

చెయ్యి కడుక్కొని అతుకును చూశాను. ఏమీ కనిపించలేదు. వేలితో రాశాను. నున్నగా ఉంది.

"బావా, అది బల్లి గాదు" అన్నాను.

"మరేంది, ఉడుమా?"

"అతుకు. లోపల నెర్ర పడింది."

బావ నా ముఖం చూసి పళ్ళు బయటపెట్టాడు. "నీ మాట నమ్మి ఒకసారి ట్రంకు మోసినాను. ఈసారి తుపాకి మొయ్యమంటావా?"

"అక్క మీద ఒట్టు బావా."

అక్క చేతిలో గిన్నె ఆగింది. బావ నవ్వు కూడా ఆగింది. అతను అతుకు దగ్గరకు వెళ్ళి వంగి చూశాడు. నేను చూసినట్టే ఏమీ కనిపించలేదు.

"బాగుందిగదరా."

"పైకి బాగుంది. కాలిస్తే పీట ఊడి నీ మీదికే వస్తాది."

"వస్తాదో రాదో నీకు తెలుసునా?"

నిజంగా తెలియదు. అదే చెప్పాను.

అప్పుడే కెప్టెన్ లోపలికి వచ్చాడు. గడియారం చూసుకొని బావను ఏదో అడిగాడు. నేను ముందుకొచ్చి, "సార్, అతుకు చెడిపోయింది. చెప్పు బావా" అన్నాను.

బావ ఒక్క క్షణం నా వంక చూసి, కెప్టెన్‌తో రెండు మాటలు చెప్పాడు. అందులో నాకు తెలిసిన హిందీ ముక్క ఒకటే ఉంది. ఠీక్. కెప్టెన్ తలూపి వెళ్ళిపోయాడు.

"బావా, నువ్వు చెప్పలా."

"మా బామ్మర్ది అంతటోడు ఇంతటోడు అని పిలిపించింది నేను. పెద్దాయన జీపెక్కి బయలుదేరినాడు. ఉత్త చప్పుడు విన్నాం సార్, ఆపండి అని చెప్పమంటావా? నా మొహం ఏంగావాల?" అన్నాడు. గొంతు పెంచలేదు. అతనికీ భయంగానే ఉందని నాకు అప్పుడు అర్థమయింది. కానీ పట్టీ మీద ఆశ ఆ భయం కంటే ఒక వీసం ఎక్కువుంది. యూనిఫారం సర్దుకొని బయటకు వెళ్ళిపోయాడు.

నాతో ఉన్న చిక్కేమిటంటే, నేను నిజం చెప్పినా జనం నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. ఆ ముఖం నేను తయారుచేసుకున్నదే. ఉన్న ఒక్క వంతెన మూసుకుపోయింది. నోటితో పని కాదని తేలిపోయింది.

"అక్కా, నీ దగ్గర సున్నం ఉందా?"

"అన్నం కాగానే వక్కాకా?"

"ఉన్నదంతా ఇయ్యి."

అక్క నడుము సంచిలోంచి సున్నపు డబ్బీ తీసింది. వంట డేరాలో స్టవ్వు కోసం పెట్టిన కిరసనాయిలు గ్లాసెడు అడిగి తెచ్చాను. మా మేస్త్రి నేర్పిన పని ఇది. అతుకు పొడుగునా కిరసనాయిలు పూసి పావుగంట వదిలేశాను. తరువాత పొడిగుడ్డతో ఒక్క చుక్క లేకుండా తుడిచి, వక్కాకు సున్నాన్ని నీళ్ళలో పలచగా కలిపి పైన పూశాను. ఆ ఎండకు నిమిషంలో ఆరి తెల్లగా అయింది. ఇక చెయ్యాల్సింది చూస్తూ ఉండడమే. నెర్ర ఉంటే, లోపల దూరిన కిరసనాయిలు సున్నంలోకి ఊరి బయటపడుతుంది.

నెర్ర ఉండకూడదని మొక్కుకున్నాను. నెర్ర తేలకపోతే ఊరంతా నన్ను చూసి నవ్వుతుంది, అది నాకేమీ కొత్త కాదు.

మొదట ఒక చుక్క కనిపించింది. తరువాత దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఆ చుక్కలు కలిసిపోయి, తెల్లటి సున్నం మీద జానెడు పొడుగున తలవెంట్రుక పడినట్టు నల్లటి గీత తేలింది. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను పరుగెత్తి కెప్టెన్ చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. సిపాయిలు నన్ను కొట్టబోయారు. బావ వెనకే వచ్చాడు. కెప్టెన్ గీతను చూశాడు. సున్నాన్ని వేలితో తుడిచాడు. ఉత్త ఇనుము మెరిసింది. మళ్ళీ పూయమని సైగ చేశాడు. పూశాను. మళ్ళీ అదే చోట అదే గీత. ఆ గీతకు వంతెన అక్కరలేకపోయింది.

కెప్టెన్ బావ వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగాడు. బావ బిగుసుకుపోయి నిలబడ్డాడు. కెప్టెన్ నా వైపు తిరిగాడు. గీతను చూపించాడు, నా నోరు చూపించాడు, బావను చూపించాడు. ఇది నువ్వు ముందే ఇతనికి చెప్పావా అని. అంత తెలుగు ఆయన చేతులకు వచ్చు.

ఏ మాటకైనా నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండేది. ఆ పూట ఒక్కటీ రాలేదు. లేదని అడ్డంగా తలూపాను. ఇప్పుడే చూశానని కళ్ళు చూపించాను.

కాల్పులు ఆగిపోయాయి. మూడో రోజు మద్రాసు నుంచి పటాలం మేస్త్రీలు సరైన కడ్డీలతో వచ్చి నా అతుకును గీకి పారేసి, కొత్తగా అతికి, పైగా బోల్టులు కూడా వేశారు. వాళ్ళు రాకముందే నన్ను పంపించేశారు. తుపాకి బాగానే పేలిందని, పీట కదల్లేదని తరువాత తెలిసింది. బావకు పట్టీ కూడా వచ్చింది.

నన్ను సాగనంపడానికి బావ బస్సుదాకా వచ్చాడు. అబద్ధం చెప్పి కాపాడినందుకు తిడతాడనుకున్నాను, కనీసం ట్రంకు సంగతి ఎత్తుతాడనుకున్నాను. బస్సు కదలబోతుంటే, "జాగ్రత్తగా పోండి" అన్నాడు.

వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"పోండి ఏంది బావా?"

"మిమ్మల్నే" అన్నాడు నేల చూస్తూ.

మరుసటేడు ఆ బండితో పాటే అతన్ని ఉత్తరాదికి పంపారు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా నాకు పీట వేసి, తాను చాప మీద కూర్చునేవాడు. ఏడిపిస్తే మర్యాదగా నవ్వేవాడు. ఒకసారి పటాలం నుంచి తంతి వచ్చిందని కూడా చెప్పి చూశాను. "అట్నాండీ" అని లేచి చొక్కా వేసుకున్నాడు. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఇప్పటికీ తెలియదు. నేనే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను.

అక్కకు చదువు రాదు. బావ రాసే కార్డులు నేనే వెళ్ళి చదివి పెట్టేవాణ్ణి. ప్రతి కార్డులోనూ చివరి వాక్యం ఒకటే, మీ తమ్ముడు గారిని అడిగినట్టు చెప్పు. నేను మాత్రం అక్కకు, "మీ తమ్ముణ్ణి అడిగినట్టు చెప్పు" అనే చదివేవాణ్ణి.