గురుగాకు ఎవరిది?

మొన్న తుమకూరులో ఒక ఖరీదైన అంగడిలో, గాజు తలుపు వెనక, ప్లాస్టిక్ డబ్బాలో గురుగాకు కనిపించింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫ్రిజ్ వాసన. పక్కనున్న ఆవిడ, "పల్లెల్లో ఇది ఊరికే దొరుకుతుందట!" అని మురిసిపోయింది. ఊరికేనా? నాకు ఒళ్లు మండింది.

నా చిన్నతనంలో మా ఊరు రాయచెర్లు చుట్టూ ఎటు చూసినా వేరుశెనగే. ఎండి నెర్రెలిచ్చిన ఎర్ర ఇసుకనేల మీద నాలుగు చినుకులు రాలితే, పంటకంటే ముందు గురుగు లేచేది. లేతాకు ఉడికించి, పచ్చిమిరపకాయలతో మెదిపి, వేడి రాగిముద్దతో మింగితే కరువు కాసేపు మరపుకొచ్చేది. గులాబీరంగు కంకులు వేసిందా, ఆకు పీచైపోయి ఎందుకూ పనికిరాదు. కలుపుకెళ్లే ఆడవాళ్లకు ఒక కట్టుబాటుండేది: పీకిన గడ్డి చేనువాళ్ల పశువులకు, గురుగు పీకినవాళ్ల ఒడికి. వాన మొహం చాటేసిన ఏళ్లలో మా ఇంట్లో కూరంటే అదొక్కటే.

ఒక ఏడు, మేము కలుపు తీస్తున్న చేను గల గౌరమ్మ మధ్యాహ్నం గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"ఒడి ఇప్పండి. నా చేన్లో మొలిచింది నాది. ఆవుకేసుకుంటా."

"ఆవు మాతో పాటు వంగి పీకిందా అక్కా?" అంది మా అమ్మ.

"నోరు శానా ఉండాదే నీకు!"

"నోరుండాదనే కదా, తినేకి ఆకు కావాల్సొచ్చింది."

అమ్మ ఒడి దులిపింది. ఆకంతా చేని సాల్లో పడింది. "నీదేనంటివి కదా, మిగిలింది నువ్వే పీక్కో" అని నా చెయ్యి పట్టుకుని నడిచింది. తక్కినవాళ్లూ వెనకే వచ్చేశారు. ఆకలికి నేను దారంతా ఏడ్చాను. అమ్మ వెనక్కి తిరగలేదు.

ఎవరూ మళ్లీ ఆ చేనికి వెళ్లలేదు. ఇంకో వాన పడింది. వేరుశెనగ కనపడకుండా గురుగు కంకులేసింది. గౌరమ్మ మా గుమ్మంలోకొచ్చింది.

"రాండమ్మా, ఆకు మీరే తీసుకోండి."

"పూసినాక ఆకు యాడుండాది? పూలు జల్లో పెట్టుకో పో" అంది అమ్మ.

అన్నాళ్లూ మేము ఉప్పూకారంతోనే ముద్ద మింగాం. పొగరన్నారు. ఆ పొగరు వల్లే మరుసటేడు ఏ గట్టు మీదా ఎవరూ ఒడి విప్పమనలేదు.

ఇప్పుడు ఆ చేనంతా సోలార్ పలకలు. వాటి కింద ఏదైనా మొలిస్తే మందు కొట్టి మాడుస్తారు. కంచె ఇవతల నిలబడి చూశాను: కలుపుకు పిలిచేవాళ్లు లేరు, వంగేవాళ్లు లేరు. ఈ రోజు మా అమ్మ పని మానేసి వెళ్లిపోయినా, అక్కడ ఎవరికీ ఏ నష్టమూ లేదు.