కోట కాపలా

తెలంగాణ ఉద్యమం రోజులు. సిద్దిపేట దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తూ మా బస్సును ఆపేశారు. ఒళ్లో పసిపాప ఆకలికి ఏడుస్తోంది. పాలపొడి ఉంది కానీ, ఫ్లాస్కులో వేడినీళ్లు అయిపోయాయి. నాకూ ఏడుపొచ్చేలా ఉంది.

పక్క సీటులో నలభై దాటిన ఒకామె ఫోన్లో ఏదో ఆన్‌లైన్ ఆట ఆడుతూ ఎవరినో తిడుతోంది.

"ఏమైందక్కా?"

"ఆటల కొత్త రూల్ వచ్చింది చెల్లె. పెద్ద టీమును రెండు చేసుకోవచ్చునట. మావోళ్లు వేరే పడుదమంటున్రు, ఆంధ్రోళ్లు వద్దంటున్రు. పొద్దటిసంది గిదే లొల్లి."

పాప గుక్కపట్టింది. ఆమె నా చేతిలోని ఫ్లాస్కు లాక్కుని తన ఫోను పెట్టింది. "ఆటల గీ మా కోట జూస్తుండు. ఎవరన్న అడిగితే లీడర్ వస్తదని చెప్పు." దిగి పొయ్యిల వైపు వెళ్లిపోయింది.

వెంటనే మెసేజ్ వచ్చింది. 'లీడర్ గారూ, విడిపోతున్నామా లేదా?'

భయపడుతూనే జవాబు కొట్టాను. 'పాపకు వేడినీళ్లు తేవడానికి వెళ్లారు.'

విడిపోయే మాట వదిలేసి అందరూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు. 'బాగా మరిగించాలి.' 'మణికట్టు మీద చుక్క వేసి చూడు.' 'తాగాక భుజాన వేసుకో.'

ఆమె నీళ్లు తెచ్చింది. "ఏమన్నరు? తేలిందా?"

"పాప తాగిందా అని అడుగుతున్నారక్కా."

"తాగనియ్యి. పాప పన్నంక కొట్లాడుకుంటం."

ఇప్పుడు నా రెండో పాపకు పాలు కలిపినప్పుడల్లా మణికట్టు మీద చుక్క వేసి చూస్తాను. ఆ చిట్కా చెప్పింది అటువాళ్లో ఇటువాళ్లో మాత్రం గుర్తులేదు.