నాగమ్మ రాయించిన పేరు

పంతొమ్మిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. శవాల గది పక్క వరండాలో కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. దయ్యాల మాట ఎత్తితే నవ్వేసేదాన్ని. ఇది కూడా దయ్యం కథ అని నేననడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

హిందూపురంలో నేను పనిచేసే ఆసుపత్రిలో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు చేసే గది ఒకటి ఉంది. కరోనాకు కొద్ది రోజుల ముందు రొద్దం దగ్గరి పల్లె నుంచి నాగమ్మ అనే ఆమె వచ్చింది. గొర్రెలు మేపుకునే మనిషి. రొమ్ములో గడ్డ నా చేతికి తగిలింది. పది రోజుల్లో ఫోన్ చేస్తాను, అప్పుడు స్కానింగ్‌కు రా అన్నాను. అప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం.

ఆ వారమే లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగిపోయాయి. మా గదిలో జ్వరం రోగులకు మంచాలు వేసి, నన్ను ఆ డ్యూటీకే మార్చారు. నాగమ్మకు ఫోన్ చేయలేదు. మరిచిపోయానంటే అబద్ధం. రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. బస్సే లేనప్పుడు రమ్మని ఏం లాభం అనుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత గది మళ్లీ తెరిచాం. మొదటి రోజే, పట్టపగలు పదకొండింటికి, మాస్కు కట్టుకున్న ఒకామె నా బల్ల ముందుకొచ్చింది. పేరడిగితే రొద్దం నాగమ్మ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పది దినాల్లో ఫోన్ చేస్తానంటివి కదా సిస్టరమ్మా."

గొంతులో కోపం లేదు. నేను తలెత్తలేకపోయాను. గడ్డ ఎలా ఉందని అడిగాను.

"నాది వద్దులే. ఇప్పుడు నొప్పి లేదు. నా చెల్లెలి పేరు రాసుకో. లక్ష్మీదేవి. ధర్మవరంలో మగ్గం నేస్తాది. దానికీ గడ్డ ఉండాది, ఎవురికీ చెప్పలేదు."

పేరూ, ఆమె చెప్పిన ఫోన్ నంబరూ రాసుకుని చూసేసరికి కుర్చీలో వేరే ఆమె కూర్చుని ఉంది. ఆ రోజు చీటీల పుస్తకంలో నాగమ్మ పేరే లేదు.

మధ్యాహ్నం ఆ నంబరుకు ఫోన్ చేశాను. మీ అక్క పొద్దున వచ్చి చెప్పిందన్నాను.

"అక్క పోయి నాలుగు నెలలాయ మేడం. ఆ గడ్డతోనే పాయ" అంది లక్ష్మీదేవి. "నాకు గడ్డ ఉండేది మా ఇంటాయనకు కూడా తెలీదు. అక్కకూ చెప్పలేదు."

మర్నాడే పెనుకొండ మీదుగా బస్సులో వచ్చింది. గడ్డ ఇంకా చిన్నదే. ఆపరేషన్ అయింది. ఇప్పుడు మళ్లీ మగ్గం మీద కూర్చుంటోంది.

మాస్కు వెనుక ఇంకెవరో ఉండొచ్చు అని నాకు నేను చెప్పుకుంటాను. నా పది రోజుల మాట నాగమ్మ ఎవరికైనా చెప్పి ఉండొచ్చు. మరి చెల్లెలి గడ్డ సంగతి? అక్కడికొచ్చి ఆగిపోతాను. నిద్ర పట్టదు.

పోయినసారి చెకప్‌కు వచ్చి, వెళ్లబోతూ లక్ష్మీదేవి అడిగింది.

"ఆ పొద్దు మా అక్క బాగుండెనా మేడం?"

బాగుందమ్మా అన్నాను. నేను చూసింది ఎవరినో నాకు ఈరోజుకీ తెలియదు.