తుడిచేసిన మాట

నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

రెండువేల నాలుగు. కర్నూలులో బీఈడీ చదివేదాన్ని. హాస్టలు పక్క సందులోనే మస్తానన్న నెట్ సెంటరు. చెక్క గదులు, పూల పరదాలు, అగరుబత్తి వాసన. ఎంత బాగుండేదో! పరదా లాగితే ఆ కాస్త చోటూ మనదే. ఇంట్లో కూడా నాకంటూ అంత చోటు ఉండేది కాదు.

ఆ రాత్రి రఘుకు మెయిలు రాస్తున్నాను. డిగ్రీలో నా క్లాస్‌మేటు, అప్పటికే బెంగళూరులో ఉద్యోగం. ఊరి సంగతులన్నీ రాశాక, చివర ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట కొట్టాను. 'నువ్వంటే నాకిష్టం.' వెంటనే తుడిచేశాను.

టింగ్...

స్క్రీను మూలన చిన్న చాట్ విండో తెరుచుకుంది. పేరు లేదు.

'ఎందుకు తుడిచేసినావు?'

పక్క గదుల్లో అలికిడి లేదు. పైన ఫ్యాను... కిర్రు... కిర్రు... అంతే. చూస్తుండగానే ఇంకో వరుస పడింది.

'పంపించు. రఘు ఏమీ అనుకోడు.'

పరదా తోసుకుని బయటపడ్డాను.

"అన్నా, లోపల ఇంకెవరుండారు?"

"ఎవరూ లేరమ్మా. నువ్వొక్కదానివే ఉండావు. ఏమాయె?" అన్నాడు మస్తానన్న.

"మేం కొట్టేది నీ కంప్యూటర్లో కనపడతాదా?"

"నాది పొద్దున్నుంచి చెడిపోయుండాది. చూడు, యాడికాడ ఇప్పేసినా."

నిజమే. తీగలు బయటికి వేలాడుతున్నాయి. తిరిగి వెళ్లి చూస్తే ఆ చాట్ విండో లేదు. మెయిలు పంపకుండానే మూసేసి, హాస్టలుకు పరుగెత్తాను.

నాలుగు రోజులకు రఘు హాస్టలుకు ఫోను చేశాడు.

"నీ మెయిలు చూసినా. నాకూ నువ్వంటే శానా ఇష్టం."

నేను పంపని మెయిలు! రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఇంగ రాత్రిళ్లు మిద్దె మీద కూచోని ఏడ్చొద్దు."

"నేనేడుస్తానని... నీకెవరు చెప్పినారు?"

"నువ్వే రాసినావు కదా!"

నేను రాయలేదు. ఎవరితోనూ అనలేదు కూడా. ఆ వేళప్పుడు హాస్టలు మిద్దె మీద నేను తప్ప ఎవరూ ఉండరు...

మా పెళ్లయి చాలా ఏళ్లయింది. రఘు ఆ మెయిలు ప్రింటు తీసి బీరువాలో దాచుకున్నాడు. అప్పుడప్పుడూ తీసి చదువుకుంటాడు, కళ్లు తుడుచుకుంటాడు. అది రాసింది ఎవరో రఘుకు ఇప్పటికీ చెప్పలేదు...

నాకు తెలిస్తే కదా!