ఎండలేదన్న మాట

ఊరి చెత్తకుప్ప దగ్గర అతన్ని అందరూ ఎండుగాడంటారు. మనిషి బక్కపలచన అని కాదు. చెత్తలోంచి కాగితాలు, గుడ్డపేలికలు, చెక్కముక్కలు ఏరి, షెడ్డులో ఆరబెట్టి మూటలుగా బిగించడం అతని పని. సున్నపు బట్టీలో బొగ్గుకు బదులు ఆ మూటలే మండుతాయి. లారీవాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, మూటలో చెయ్యి దూర్చి చూసి "ఎండలేదు" అన్నాడంటే అంతే. ఆ మాట మీద ఎవరూ నోరెత్తరు.

బట్టీ మేస్త్రి అతనికి బావ, సొంత అక్క మొగుడు. ఈమధ్యే తల్లి ఆ బావ ఇంట్లో పోయింది. ఎండుగాడికి కబురు లేదు. "పాపం, పెద్దావిడ పోయిందటగా" అని లారీ డ్రైవరు పరామర్శిస్తే తెలిసింది. అప్పటికే అంతా అయిపోయింది. పెద్దవాళ్ళు వచ్చే చోట వీడి కంపెందుకని బావే కబురు ఆపించాడట.

తర్వాత ముసురు పట్టుకుంది. బట్టీ దగ్గరున్న మూటల మీద టార్పాలిన్ కప్పించడం బావ మరిచాడు. అన్నీ నానిపోయాయి. బట్టీ చల్లారితే లోపల రాయి ముద్దకట్టి గోడలు పగులుతాయి. మేస్త్రి ఉద్యోగం ఊడుతుంది. అందుకని లారీ వేసుకుని తనే వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో.

"ఏరా, ఎక్కించు. త్వరగా!"

"ఎండలేదు బావా."

బావ మూటలో చెయ్యి పెట్టాడు. గలగలమంది.

"ఇలా చప్పుడు చేస్తుంటే ఎండలేదంటావేంట్రా? పరాచికాలా?"

"ఎండలేదన్నానుగా."

బావ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఆకాశం వైపు చూశాడు. "ఆయన ఎండలేదంటే నేనెత్తను మేస్త్రీ. ఎప్పుడూ ఎత్తలేదు."

"ఒరేయ్, నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

"వద్దు బావా, కంపు కొడతాయి."

ఎండుగాడు అడిగాడు. "అమ్మ నన్నడిగిందా?"

అడగలేదని అబద్ధమాడినా సరిపోయేది. మూటలు లారీ ఎక్కేవి.

"అడిగిందిరా. రెండు మూడుసార్లు."

ఎండుగాడు షెడ్డు తలుపు మూసి తాళం వేశాడు.

తెల్లారేసరికి బట్టీ ఆగిపోయింది. బావను తీసేశారు. బట్టీ లేక ఎండుగాడి మూటలూ కొనే దిక్కు లేకపోయింది. పని పోయిన కూలీలు అతన్ని తిట్టని తిట్టు లేదు. అవన్నీ వింటూనే బట్టీ దగ్గరకు నడిచి, గోడకు అరచెయ్యి ఆనించాడు. ఇంకా సెగ తగులుతోంది. పూర్తిగా చల్లారేదాకా చూడాలని అక్కడే గొంతుక్కూర్చున్నాడు.