కుడివైపు బల్లలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. ఈ దీవుల్లోనే పుట్టి, తుష్నాబాద్‌లో ముప్పై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. కర్ర గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చౌల్దారీ దాటాక, పోకతోటల వెనక బెనెడిక్టీన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది. రాంచీ వైపు నుంచి ఓడలో వచ్చిన పద్నాలుగు మంది అడవి కొట్టి, పడౌక్ కర్ర తామే కోసి కట్టుకున్నారు. ప్రార్థన, కాయకష్టం, అదే వాళ్ల బతుకు. ప్రార్థన గదిలో ఎదురెదురుగా ఏడేసి మంది కూర్చుని, ఒక చరణం ఈ వరస, మరో చరణం ఆ వరస పాడేవారట.

ఇప్పుడు మిగిలింది ముగ్గురే. ముగ్గురూ ఎడమవైపే కూర్చుంటారు. కుడివైపు బల్లలకు చెదలు పట్టిందని, తీసేయమని వాళ్లలో ఒకరైన మఠాధిపతి నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నపు ప్రార్థన జరుగుతోంది. ఒక చరణం పాడి ఆగారు. అవతలి వరస పాడేంత సేపూ ఊరుకుని, మళ్లీ అందుకున్నారు. ఖాళీ బల్లల కోసం ఆగడమేమిటని చిరాకేసింది. కావాలనే వెళ్లి అటువైపు బల్ల చివర కూర్చున్నాను.

ఏమీ వినపడలేదు. ఎవరూ కనపడలేదు. పాట అయ్యాక ముగ్గురూ లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే నా కింద బల్ల పైకి తేలింది. పొడుగు బల్ల మీద పక్కవాళ్లంతా ఒక్కసారి లేస్తే, వంగిన చెక్క తిన్నగా అవుతుందే, అచ్చం అలా.

బల్ల తిరగేసి చూశాను. కాళ్లు పుచ్చాయి, చెక్క గట్టిగానే ఉంది. పదిసార్లు కూర్చుని లేచాను. నా ఒక్కడి బరువుకి అది వంగనే లేదు.

ముగ్గురిలో వయసులో పెద్దవాడు బ్రదర్ పౌలుస్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"సచ్ బోలో బ్రదర్, ఇక్కడ ఎవరు కూర్చుంటారు?" నిజం చెప్పమని గట్టిగానే అడిగాను.

"ముఝే క్యా మాలూమ్ భయ్యా? నేను కళ్లు మూసుకుని పాడతాను."

మఠాధిపతి దగ్గరికి వెళ్లి, బల్లలు తియ్యను, కాళ్లు మారుస్తానన్నాను. భయపడ్డావా అన్నారాయన.

"భయపడితే రేపు రాను కదా ఫాదర్! పొద్దున్నే వస్తాను, చూడండి."

"ఏటి, నీకు పిచ్చా? రేపట్నుంచి అటు ఎల్లకు," అంది ఇంట్లో మా ఆవిడ, సంగతి విని. వెళ్లాను. నాలుగు రోజులు పని చేశాను. రోజూ ప్రార్థన వేళకు అక్కడే కూర్చున్నాను. మళ్లీ ఏమీ జరగలేదు.

నేను తాగి వెళ్లానని మా ఊరి బస్సులో కొందరంటారు. నేను తాగను. భూకంపమంటారు ఇంకొందరు. భూమి కదిలితే ఎలా ఉంటుందో ఈ దీవుల్లో పుట్టినవాడికి తెలియదా? పైన వేలాడే దీపం ఊగలేదు.

ఆ బల్ల ఎందుకు తేలిందో నాకు తెలియదు. అది దయ్యమని నా చేత ఎవరూ అనిపించలేరు. ఏమీ జరగలేదని కూడా అనిపించలేరు.